వెండిరేవు వీరుడు: గ్రెగోరియో లుపెరోన్

కరిబియన్ దీవులనగానే మన విద్యార్థులలో చాలమందికి ముందుగా స్ఫురించేది క్రికెట్ ఆట. జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్ అనే పేర్లు ఆ ఆట మూలంగానే మన ఇళ్ళలో వినిపించాయి. కాని ఆ ప్రాంతంలో ఇంగ్లీషు భాషకు గాని, క్రికెట్ ఆటకు గాని పెద్దగా సంబంధం లేని దీవులు కూడ ఉన్నాయి. వాటిలో ఒకటి హిస్పానియోలా. ఆ ద్వీపాన్ని రెండు దేశాలు పంచుకొన్నాయి. పడమట హైతీ, తూర్పున డొమినికన్ రిపబ్లిక్. ఈ రెండవ దేశపు ఉత్తర తీరాన, అట్లాంటిక్ అలలు తాకేచోట, ప్వెర్టో ప్లాటా అనే రాష్ట్రం కలదు. దాని విస్తీర్ణం మన జిల్లా పాటిది. ఆ రాష్ట్రానికి అదే పేరుగల రేవుపట్నం రాజధాని. ఆ పట్నపు వీధులలో మిఠాయి అమ్ముకొన్న ఒక నల్లజాతి బాలుడు పెరిగి పెద్దవాడై, తన దేశాన్ని ఒక సామ్రాజ్యపు గుప్పిట నుండి విడిపించి, మరొక మహారాజ్యపు నోటబడకుండ కాపాడాడు. ఆయన పేరు గ్రెగోరియో లుపెరోన్. స్వదేశంలో ఆయన పేరు ఎరుగని పసివాడుండడు. మన పాఠ్యపుస్తకాలలో మాత్రం ఆయనకు చోటు దొరకలేదు.

ఆయన జీవితం తెలియాలంటే ముందుగా ఆయన పుట్టిన ఊరి సంగతి కొంత తెలియాలి. 1493 జనవరిలో కొలంబస్ తన తొలి ప్రయాణంలో ఈ తీరం వెంట పోతూ, ఇసబెల్ దె తోర్రెస్ అనే కొండ నెత్తిన మబ్బులు వెండివలె మెరవడం చూసి ఈ చోటికి ఆ పేరు పెట్టాడని చెబుతారు. ప్వెర్టో ప్లాటా అనగా వెండిరేవు. ఆ కొండ ఎత్తు సుమారు 800 మీటర్లు. కొలంబస్ తన రెండవ ప్రయాణంలో కట్టించిన ల ఇసబెలా అనే పట్టణపు శిథిలాలు కూడ ఈ రాష్ట్రంలోనే ఉన్నాయి. అచ్చట 1494 జనవరి 6న జరిగిన క్రైస్తవ పూజనే ఆ ఖండంలో మొదటిదిగా లెక్కిస్తారు. ఈ రాష్ట్రపు కొండలలో దొరికే అంబరు రాయికి లోకమంతటా గిరాకీ ఉంది. కోట్ల సంవత్సరాల క్రిందటి చెట్ల బంక గట్టిపడి రాయిగా మారగా, అందులో చిక్కుకొన్న చీమలు, దోమలు నేటికీ చెక్కుచెదరకుండ కనిపిస్తాయి.

ఈ పట్నం రెండుమార్లు బూడిదై రెండుమార్లు లేచింది. 1605, 1606 సంవత్సరాలలో స్పెయిన్ గవర్నరే ఉత్తర తీరపు ఊళ్ళను ఖాళీ చేయించి తగులబెట్టించాడు. ఆ ఊళ్ళవారు డచ్చివారితోను, ఇతర విదేశీయులతోను చాటుగా వ్యాపారం చేయడమే వారి నేరం. వంద సంవత్సరాలకు పైగా పాడుపడి, 18వ శతాబ్దిలో కెనరీ దీవుల నుండి వచ్చిన కుటుంబాలతో ఊరు మరల వెలసింది. 19వ శతాబ్దిలో పొగాకు ఎగుమతికి ప్రసిద్ధి కెక్కింది. హాంబర్గ్, బ్రెమెన్ నగరాల జర్మన్ వర్తకులు వచ్చి కొట్లు పెట్టారు. చుట్టుపట్ల బ్రిటిష్ దీవుల నుండి ఇంగ్లీషు మాట్లాడే నల్లవారు వచ్చి స్థిరపడ్డారు. ఒక్క వీధిలోనే మూడు నాలుగు భాషలు వినవచ్చేవి. ఒకే ఆవరణలో ఉర్దూ, తెలుగు రెండూ వినడానికి అలవాటుపడిన మనకు ఆ పట్నం అంత పరాయిదిగా తోచదు.

ఆ ఊరిలో 1839 సెప్టెంబరు 8న లుపెరోన్ జన్మించాడు. అప్పటికి ద్వీపమంతా హైతీ పాలనలో ఉంది. 1822లో హైతీ పాలన వచ్చినప్పుడే అచ్చట బానిసత్వం రద్దయింది. 1844 ఫిబ్రవరి 27న తూర్పు భాగం విడివడి స్వతంత్ర దేశమైంది. అప్పటికి లుపెరోన్ వయస్సు అయిదేళ్ళు కూడ నిండలేదు. తల్లి పేదరాలు, చిన్న అంగడి పెట్టుకొని పిల్లలను పోషించింది. ఆమె చేసిన మిఠాయిలను ఆ బాలుడు వీధి వీధి తిరిగి అమ్మేవాడు. బడి చదువు అంతంతమాత్రమే. యౌవనం రాకముందే పెద్రో దుబోక్ అనే కలప వర్తకుని వద్ద పనికి కుదిరాడు. కొండలలో మహాగని మ్రాకులు కొట్టించి రేవుకు చేర్చడం ఆ వర్తకుని వ్యాపారం. పిల్లవాని నిజాయితీ, ధైర్యం చూసి ఆయన కొద్దికాలంలోనే పని పెత్తనం అప్పగించాడు. అంతకంటె గొప్ప మేలు మరొకటి చేశాడు. తన ఇంటి గ్రంథాలయపు తలుపు తెరిచాడు. ప్లూటార్క్ వ్రాసిన గ్రీకు, రోమను మహాపురుషుల చరిత్రలను ఆ కూలి కుర్రవాడు అచ్చటనే చదివాడు. కళాశాల ముఖం చూడని వానికి ఆ పుస్తకాల గదియే కళాశాల అయింది.

1861 మార్చి 18న ఆ దేశంలో ఒక విచిత్రం జరిగింది. అధ్యక్షుడైన పెద్రో సంతానా తన స్వతంత్ర దేశాన్ని తానే తీసుకొనిపోయి పూర్వపు యజమాని అయిన స్పెయిన్‌కు అప్పగించాడు. హైతీ మరల దండెత్తుతుందన్న భయం, ఖాళీ అయిన ఖజానా అందుకు కారణాలు. అప్పగించిన వానికి స్పెయిన్ రాణి బిరుదు దయచేసింది. మన దేశం విక్టోరియా రాణి ఏలుబడి క్రిందికి పోయిన మూడేళ్ళకే అచ్చట ఇది జరిగింది. అయితే మనలను బలవంతంగా తీసుకొన్నారు. వారిని స్వంత నాయకుడే ఇచ్చివేశాడు.

విలీనాన్ని అంగీకరిస్తున్నట్లు ఊరూర ప్రజలచేత సంతకాలు చేయించారు. ఇరువది రెండేళ్ళు నిండని లుపెరోన్ ఆ కాగితంపై సంతకం చేయనన్నాడు. ఫలితంగా చెరసాల. అచ్చటినుండి తప్పించుకొని దేశం విడిచాడు. పొరుగు దేశాలలో తలదాచుకొని, రహస్యంగా తిరిగివచ్చి, వాయవ్య సీమలో స్నేహితులను కూడగట్టాడు. 1863 ఫిబ్రవరిలో జరిగిన మొదటి తిరుగుబాటులో పాల్గొన్నాడు. అది విఫలమైంది. కొండలలో అజ్ఞాతవాసం ప్రాప్తించింది.

ప్రజలలో అసంతృప్తి నానాటికి పెరిగింది. క్యూబాలోను, ప్వెర్టో రికోలోను స్పెయిన్ అప్పటికింకా బానిసత్వాన్ని కొనసాగిస్తున్నది. ఆ దీవుల నుండి వచ్చిన అధికారులు డొమినికన్ నల్లవారిని చూచిన చూపే వేరు. బానిసత్వం తిరిగిరాదని ప్రభుత్వం మాట ఇచ్చినా నమ్మినవారు తక్కువ. సైన్యానికి అవసరమని రైతుల గుర్రాలను, గాడిదలను పట్టుకొనిపోయి సరిగా సొమ్ము చెల్లించలేదు. ప్రొటెస్టెంటు మతస్థుల ప్రార్థనలకు ఆటంకాలు కల్పించారు. తరతరాలుగా సాగివస్తున్న వివాహ పద్ధతులలో సైతం మతాధికారులు జోక్యం చేసుకొన్నారు. పొలంలో, సంతలో, ప్రార్థన మందిరంలో, చివరకు ఇంటిలో కూడ మనిషికి అవమానం ఎదురైనప్పుడు తిరుగుబాటుకు వేరే బోధకుడు అక్కరలేదు.

1863 ఆగస్టు 16న హైతీ సరిహద్దులోని కాపొతీయో కొండపై కొద్దిమంది దేశభక్తులు జెండా ఎత్తారు. సాంతియాగో రోద్రిగెస్ మొదలైనవారు దానికి నాయకులు. అదే పునరుద్ధరణ యుద్ధం. లుపెరోన్ వెంటనే వచ్చి కలిశాడు. సెప్టెంబరులో సాంతియాగో నగరం కొరకు జరిగిన ఘోర సమరంలో ఆయన సాహసం అందరికీ తెలిసివచ్చింది. నగరం అగ్నికి ఆహుతి అయింది. కోటలో చిక్కుకొన్న స్పానిష్ దళం తుదకు ప్వెర్టో ప్లాటా వైపు వెనుదిరిగింది. దారి పొడవునా కొండలలో దెబ్బలు తిన్నది. సెప్టెంబరు 14న సాంతియాగోలో తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. ఆ ప్రభుత్వం లుపెరోన్‌ను దక్షిణ దిశకు పంపింది. అచ్చట ఎదురుపడిన సేనానాయకుడు మరెవరో కాడు, దేశాన్ని అప్పగించిన సంతానాయే. ఆ అనుభవశాలిని అర్రోయో బెర్మెహో వద్ద ఇరువది నాలుగేళ్ళ యువకుడు నిలువరించాడు. సంతానా 1864లో మరణించాడు. తన చేతలకు ఫలితం పూర్తిగా చూడకుండానే పోయాడు.

ఇరుపక్షాల బలాబలాలకు పోలికే లేదు. స్పెయిన్‌కు ఓడలు, ఫిరంగులు, క్రమశిక్షణగల పటాలాలు ఉన్నాయి. తిరుగుబాటుదారులకు ఉన్నవి చెరకు కొట్టే కత్తులు, పాత తుపాకులు. అందుచేత వారు ఎదురునిలిచి పోరాడడం మాని, చెట్టుచాటున పొంచి, కొట్టి, మాయమయ్యే పద్ధతి నవలంబించారు. వారికి మరొక మిత్రుడు దొరికాడు. అది దోమ. పచ్చజ్వరం, చలిజ్వరం ఐరోపా నుండి వచ్చిన సైనికులను వేలసంఖ్యలో బలితీసుకొన్నాయి. కత్తివేటుకు చచ్చినవారికంటె వారే ఎక్కువ. యుద్ధకాలంలో ప్వెర్టో ప్లాటా పట్నం కూడ కాలిపోయింది. అచ్చటి సాన్ ఫెలిపె కోటలో మాత్రం స్పానిష్ సేన చివరివరకు నిలిచింది. ఖర్చు భరించలేక 1865 మార్చిలో స్పెయిన్ విలీనాన్ని రద్దుచేసింది. జూలైలో చివరి సైనికులు ఓడలెక్కారు.

ఈ యుద్ధపు ప్రభావం ఆ ద్వీపంతో ఆగలేదు. స్పెయిన్‌ను ఓడించవచ్చునని పొరుగున ఉన్న క్యూబా గ్రహించింది. 1868లో అచ్చట స్వాతంత్ర్య సమరం మొదలైంది. అందులో సేనానిగా పేరుపొందిన మాక్సిమో గోమెస్ డొమినికన్ దేశస్థుడే. పునరుద్ధరణ యుద్ధంలో అతడు స్పెయిన్ పక్షాన ఉన్నవాడు. క్యూబాలో స్పెయిన్‌కు ఎదురుతిరిగాడు.

యుద్ధంలో గెలిచినవారు శాంతిలో ఓడడం చరిత్రలో క్రొత్త కాదు. పోరు సాగుతుండగానే 1864లో తాత్కాలిక ప్రభుత్వాధినేత సాల్సెదోను స్వపక్షంవారే పదవి నుండి తొలగించి, తరువాత కాల్చి చంపారు. ఆయనను ప్రాణాలతో సరిహద్దు దాటించాలని లుపెరోన్ ప్రయత్నించాడు గాని ఫలించలేదు. 1866లో కొన్ని నెలలపాటు దేశాన్ని పాలించిన త్రయంలో లుపెరోన్ ఒకడు. పదవిలో ఉండిపోవాలన్న కోరిక ఆయనకు లేదు. త్వరలోనే తప్పుకొని తన ఊరికి, తన వ్యాపారానికి మరలిపోయాడు.

ఇంతలో రెండవ గండం వచ్చింది. 1868లో బ్వెనవెంతూరా బయెస్ తిరిగి అధ్యక్షుడయ్యాడు. ఈసారి అతడు దేశాన్ని అమెరికా సంయుక్త రాష్ట్రాలకు అప్పగించ సంకల్పించాడు. అచ్చటి అధ్యక్షుడు గ్రాంట్ అందుకు ఉత్సాహం చూపాడు. సమానా అఖాతంపై అమెరికా నౌకాదళానికి చాలకాలంగా కన్ను ఉంది. లుపెరోన్ ఊరుకోలేదు. 1869లో టెలిగ్రాఫో అనే ఆవిరి ఓడను సంపాదించి ఉత్తర తీరంపై దాడికి దిగాడు. బయెస్ ప్రభుత్వం ఆయనను సముద్రపు దొంగగా ప్రకటించింది. ఆ ఒక్క ఓడతో గెలుపు సాధ్యం కాలేదు. అయినా ఆ దేశంలో విలీనాన్ని వ్యతిరేకించేవారున్నారని లోకానికి తెలిసింది. వాషింగ్టన్‌లో చార్లెస్ సమ్నర్ అనే సెనేటరు ఆ ఒప్పందాన్ని తీవ్రంగా ఎదిరించాడు. 1870 జూన్ 30న సెనేటులో ఓట్లు 28, 28గా సమానంగా చీలాయి. ఆమోదానికి మూడింట రెండు వంతులు కావాలి, ఒప్పందం వీగిపోయింది. ఆ విధంగా పదేళ్ళలో రెండుమార్లు ఆ చిన్న దేశం పరుల పాలు కాబోయి నిలిచింది. రెండుమార్లూ ఎదిరించినవారి ముందువరుసలో లుపెరోన్ ఉన్నాడు.

1879 అక్టోబరులో ఆయన తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు. రాజధానికి పోక, తన ప్వెర్టో ప్లాటా నుండియే దేశాన్ని పాలించాడు. ఏడాదికంటె తక్కువ కాలమే అయినా ఆ పాలనను నేటికీ మెచ్చుకొంటారు. క్రొత్త రాజ్యాంగం అధ్యక్షుని పదవీకాలాన్ని రెండేళ్ళకు పరిమితం చేసింది. విద్య విషయంలో ఆయన చేసిన మేలు మరింత గొప్పది. ప్వెర్టో రికో దేశస్థుడైన విద్యావేత్త హోస్తోస్ 1875 నుండియే ఆయనకు మిత్రుడు. హోస్తోస్ నాయకత్వాన 1880లో సాంటో డొమింగోలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల వెలసింది. కంఠపాఠం మాని, ఆలోచించి నేర్చుకొనే పద్ధతి అచ్చట ప్రారంభమయింది. మరుసటి ఏడు కవయిత్రి సలోమె ఉరేన్యా బాలికల విద్యాలయాన్ని స్థాపించింది. పుస్తకాల గది వలన మనిషి అయినవాడు దేశానికి పాఠశాలలు కోరడంలో ఆశ్చర్యం లేదు. 1880 సెప్టెంబరు 1న, గడువు రాగానే, పదవిని మెరీన్యో అనే క్రైస్తవ గురువుకు అప్పగించి లుపెరోన్ తప్పుకొన్నాడు.

ఆయన మనస్సు తన దేశపు ఎల్లలలో ఇమిడేది కాదు. క్యూబా, ప్వెర్టో రికో స్వతంత్రమై, ఆ దీవులన్నీ ఒక సమాఖ్యగా ఏర్పడాలని కోరాడు. స్పెయిన్ వెంటాడిన బెతాన్సెస్, హోస్తోస్, మసెయో వంటి వీరులకు ప్వెర్టో ప్లాటాలో ఆయన అండ లభించింది. 1882 ప్రాంతంలో తన దేశపు ప్రతినిధిగా పారిస్ నగరంలో ఉన్నప్పుడు మరొక పని చేశాడు. ఆ రోజులలో రష్యాలో యూదులపై దారుణమైన దౌర్జన్యాలు జరుగుతుండేవి. వారు తన దేశానికి వచ్చి స్థిరపడవచ్చునని, పారిస్‌లోని యూదు ప్రముఖులకు లుపెరోన్ తెలియజేశాడు. ఆ యోచన అప్పట్లో సాగలేదు. కాని 1940లో, హిట్లర్ బారినుండి తప్పించుకొన్న కొన్ని వందల యూదు కుటుంబీకులు అదే ప్వెర్టో ప్లాటా రాష్ట్రంలోని సోసువా తీరాన దిగి, పాడిపశువులను పెంచి, వెన్న, జున్ను తయారుచేసి బ్రతికారు. వారిని రానిచ్చిన నియంత త్రుహీయో ఉద్దేశం వేరు. 1937లో వేలాది హైతీ ప్రజలను చంపించిన మచ్చను కడుగుకోవాలని, తన దేశంలో తెల్లవారి సంఖ్య పెంచాలని అతడు చూశాడు. లుపెరోన్ పిలుపు అటువంటిది కాదు. ఆయన కష్టంలో ఉన్న మనిషిని చూశాడు. అతని మతం అడగలేదు.

ఇంతటి మనిషి జీవితంలో ఒక పెద్ద పొరపాటు జరిగింది. దానిని దాచి చెప్పడం చరిత్రకు ద్రోహం. యుద్ధకాలంలో ఆయన వద్ద ఉలీసెస్ ఎవురో అనే యువకుడు చేరాడు. అతడూ ప్వెర్టో ప్లాటావాడే, పేదవాడే, నల్లవాడే. మెరుపువంటి బుద్ధి, మడమ తిప్పని ధైర్యం అతనివి. లుపెరోన్ అతనిని కన్నకొడుకువలె పెంచి పెద్దచేశాడు, పదవులిప్పించాడు. 1882లో ఎవురో అధ్యక్షుడయ్యాడు. 1887లో మరల అధికారానికి వచ్చి ఇక దిగలేదు. రాజ్యాంగం మార్పించాడు. ఎదిరించినవారిని కొనగలిగితే కొన్నాడు, లేకుంటే చంపించాడు. విదేశీ కంపెనీల వద్ద అప్పుమీద అప్పు తెచ్చి సుంకాల రాబడిని తాకట్టుపెట్టాడు. ఆ అప్పులే తరువాత 1905లో అమెరికా వచ్చి సుంకపు కార్యాలయాలను చేతిలోకి తీసుకోవడానికి, 1916లో దేశాన్నే ఆక్రమించడానికి దారితీశాయి.

ఎవురో స్వభావాన్ని లుపెరోన్ ముందుగా ఎందుకు గుర్తించలేదు? మెరీన్యో కాలంలో మంత్రిగా ఉండి, ఆయుధంతో పట్టుబడినవారిని విచారణ లేకుండ కాల్పించినప్పుడే ఆ స్వభావం బయటపడింది. అయినా 1886 అంతర్యుద్ధంలో లుపెరోన్ శిష్యుని పక్షమే వహించాడు. ధైర్యాన్ని చూసి ధర్మం కూడ ఉంటుందని నమ్మాడు. తనకు పదవి అక్కరలేదు గనుక తన శిష్యునికీ అక్కరలేదనుకొన్నాడు. కళ్ళు తెరిచి 1888లో ఎన్నికలలో ఎదురునిలువబోతే ఎన్నికలకు అర్థమే లేకుండ పోయింది. 1893లో ఆయుధం పట్టాడు, ఓడిపోయాడు. ఒకప్పుడు రెండు రాజ్యాలను ఎదిరించినవాడు స్వంత శిష్యుని చేతిలో ఓడి, అప్పటికి డెన్మార్క్ వారిదైన సెయింట్ థామస్ దీవిలో పరవాసం గడపవలసివచ్చింది.

ఆ పరవాసంలో ఆయన స్వీయచరిత్రను, దేశచరిత్రను కలిపి మూడు సంపుటాలుగా వెలువరించాడు. ప్వెర్టో రికోలోని పొన్సె నగరంలో 1895, 1896లలో అవి అచ్చయ్యాయి. ఆ కాలపు చరిత్రకు నేటికీ అవి ముఖ్యమైన ఆధారం. కంఠంలో పుట్టిన పుండు ఆయనను క్రుంగదీసింది. అప్పుడు ఎవరూ ఊహించని సంఘటన జరిగింది. 1896 చివర ఎవురో స్వయంగా సెయింట్ థామస్ వెళ్ళి, పూర్వపు గురువును స్వదేశానికి తీసుకొనివచ్చాడు. అది పశ్చాత్తాపమో, రాజకీయమో, రెండునూ కలిసినదో నిర్ణయించడం కష్టం. 1897 మే నెలలో లుపెరోన్ తాను పుట్టిన ఊరిలోనే కన్నుమూశాడు. పడుకొని చావడం తనవంటివానికి తగదని, చివరి క్షణాన లేచి కూర్చొని ప్రాణం విడిచాడని ఆ ఊరివారు చెప్పుకొంటారు. మూడు నెలలకు, పునరుద్ధరణ దినమైన ఆగస్టు 16న, ప్వెర్టో ప్లాటా నుండి సాంతియాగోకు రైలు మార్గం ప్రారంభమైంది. రెండేళ్ళకు, 1899 జూలై 26న, ఎవురో మోకా అనే ఊరిలో తుపాకి గుండ్లకు కూలిపోయాడు.

నేడు ప్వెర్టో ప్లాటా విమానాశ్రయానికి లుపెరోన్ పేరున్నది. ల ఇసబెలా శిథిలాల దాపున ఉన్న ఊరికి ఆయన పేరే. సముద్రపుటొడ్డున, సాన్ ఫెలిపె కోట చేరువలో, గుర్రంపైనెక్కిన ఆయన విగ్రహం నిలిచి ఉన్నది. ఆగస్టు 16 ఆ దేశానికి జాతీయ పండుగ.

విద్యార్థి మిత్రులారా, లుపెరోన్ జీవితం నుండి మనం గ్రహించవలసినది ఆయన కత్తి పదును మాత్రమే కాదు. ఒక వర్తకుడు తెరిచిన పుస్తకాల గది ఒక దేశానికి నాయకుని ఇచ్చింది; కనుక మన గ్రంథాలయపు తలుపులు ఎవరికీ మూయరాదు. తన కులం, మతం, భాష కాని మనిషికి సైతం చోటు చూపినవాడే స్వేచ్ఛకు అర్థం తెలిసినవాడు. ఇక మూడవది చేదు పాఠం. పరాయివాని నుండి దేశాన్ని గెలవడం ఒక పని. గెలిచిన దేశాన్ని మనవాని చేతిలో పెట్టేటప్పుడు అతనిని పరీక్షించడం మరొక పని. మొదటి పనిలో లుపెరోన్‌కు సాటి లేరు. రెండవ పనిలో ఆయన పొరబడ్డాడు. ఆ పొరపాటు వెల దేశమంతా చెల్లించింది. నాయకులను ఎన్నుకొనే వయస్సుకు వస్తున్న మనకు ఆయన విజయం ఎంత అవసరమో, ఆ పొరపాటు కూడ అంతే అవసరం.